మూత్రంలో మంటా? మొదటి మాత్రకు ముందే శాంపిల్ ఇవ్వండి

"ఒంటికి వెళ్తే మంటగా ఉంది, ఏ మాత్ర వేసుకోవాలి?" ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆ వెనకే ఇంకొకటి వస్తుంది: "మాత్రలు వాడితే తగ్గింది, పదిహేను రోజులకే మళ్లీ వచ్చింది, ఎందుకు?" రెండో ప్రశ్న రావడానికి చాలాసార్లు మొదటి ప్రశ్నే కారణం. ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తెలియకుండానే మెడికల్ షాపులో నాలుగు మాత్రలు తెచ్చుకుని, మంట ఆగగానే మానేస్తున్నాం. అందుకే ఇక్కడ మందు పేరుతో మొదలుపెట్టడం లేదు. శాంపిల్ పట్టడం, రిపోర్టు చదవడం, మందు వాడడం, తగ్గిందో లేదో చూసుకోవడం, ఈ వరసలో వెళ్దాం.

ముందు రెండు ముక్కలు

ఈ మంటకు ఎక్కువగా మూలమయ్యే మూత్రమార్గం ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ శాతానికి కారణం ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడున్నంతసేపు హాని చేయదు. మలద్వారం దగ్గర నుంచి మూత్రద్వారంలోకి చేరి, పైకి పాకి మూత్రాశయంలో పెరిగితేనే మంట. ఆడవాళ్లలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో సుమారు 20. ఆడవాళ్లకు ఇది ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఈ తేడా. శుభ్రత లేనివాళ్లకే వస్తుందనుకుని సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు.

ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే బాధ ఎక్కువ, ప్రమాదం తక్కువ. అదే కిడ్నీకి ఎక్కితే సంగతి వేరు. అందుకే కింది జాబితా ముందు చదవండి.

ఇంట్లో ఆగకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు

- 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం, వణుకుతో చలి.
- పక్కటెముకల కింద, వీపు వైపు ఒక పక్క నొప్పి. అక్కడ అరచేత్తో మెల్లగా తట్టినా ప్రాణం పోయినట్టుంటే అది మామూలు నడుం నొప్పి కాకపోవచ్చు.
- మాత్ర కూడా కడుపులో నిలవనంత వాంతులు.
- గర్భిణులు. మంట కొంచెమే ఉన్నా సరే.
- మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, కడుపు ఉబ్బడం, మూత్రంలో రక్తపు గడ్డలు.
- మూత్రానికి గొట్టం వేసి ఉన్నవాళ్లు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు.
- ఉన్నట్టుండి మాట తడబడుతున్న, మత్తుగా పడి ఉంటున్న పెద్దవాళ్లు.
- కారణం తెలియని జ్వరంతో ఉన్న పసిపిల్లలు. 3 నెలల లోపు పిల్లలైతే గంటలు కూడా ఆగొద్దు.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కింది మెట్లన్నీ ఆస్పత్రిలో జరగాల్సినవి. "రేపటికి తగ్గుతుందేమో" అని రాత్రంతా చూడొద్దు. కిడ్నీకి ఎక్కిన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి దిగడానికి ఎక్కువ టైం పట్టదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ డబ్బా (సీల్ తీయనిది), సబ్బు, శుభ్రమైన నీళ్లు, రెండు మూడు టిష్యూలు లేదా ఉతికిన మెత్తటి గుడ్డ, థర్మామీటర్, మీరు ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ, పాత యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టులు ఉంటే అవి. పాత రిపోర్టు పారేయకండి. గత 6 నెలల్లో ఏ క్రిమి వచ్చింది, ఏ మందుకు లొంగలేదు అన్నది ఈసారి మందు రాయడానికి డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

1. మంట ఎక్కడుందో గమనించండి

మూత్రం వచ్చేటప్పుడు లోపల చురుక్కుమనడం, పోసి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, వెళ్తే రెండు చుక్కలే రావడం, బొడ్డు కింద బరువు, మూత్రం మసకగా ఉండడం, ఒక్కోసారి ఎర్రగా రావడం. ఇవి కలిసి వస్తే మూత్రాశయం ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం బాగా ఉంది.

మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడే మంట, దాంతో పాటు దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అది ఎక్కువగా యోని దగ్గర ఫంగస్. దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గదు, ఇంకా పెరుగుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇది. షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. అవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, దాంతో అక్కడ ఫంగస్ పెరుగుతుంది. మగవాళ్లలో కూడా ముందు చర్మం ఎర్రబడి పగులుతుంది. షుగర్ మాత్ర మీకు మీరే ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

డొక్కలో మొదలై గజ్జల్లోకి పాకుతూ, కూర్చోనివ్వక నిలబడనివ్వక మెలిపెట్టే నొప్పి ఉంటే రాయి ఉందేమో చూడాలి. కొత్త లైంగిక సంబంధం తర్వాత మంట, చీము లాంటి స్రావం ఉంటే పరీక్షలు వేరు, మందులు వేరు. ఆ మాట డాక్టర్ దగ్గర దాస్తే నష్టపోయేది మీరే.

2. "వేడి చేసింది" అనుకునే ముందు ఈ చిన్న పరీక్ష

మన ఇళ్లలో మంట అనగానే వేడి చేసిందంటారు. ఎండాకాలంలో నీళ్లు చాలక మూత్రం చిక్కబడి మండడం నిజంగానే ఉంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. రెండు మూడు గంటల్లో మెల్లగా లీటరు నీళ్లు తాగండి. (గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ల మీద ఆంక్ష ఉన్నవాళ్లు ఇది చేయొద్దు.) మూత్రం ముదురు పసుపు నుంచి లేత రంగుకి వచ్చి, మంట కూడా పోయి, మళ్లీ రాకపోతే అది నీళ్ల కొరతే. రంగు తేటపడినా మంట అలాగే ఉంటే, రెండు చుక్కలకోసం పదేపదే వెళ్లాల్సి వస్తుంటే అది వేడి కాదు.

సబ్జా, బార్లీ, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగండి, తప్పు లేదు. ఒంట్లోకి నీరు చేరుతుంది, మంట కాస్త నెమ్మదిస్తుంది. అయితే అవి క్రిమిని చంపవు. బార్లీ నీళ్లతో వారం గడిపేసి, చలిజ్వరంతో ఆస్పత్రిలో చేరడం మంచిది కాదు. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర వేసిన పానీయాల జోలికి వెళ్లొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రమాదం.

ఒక్క జాగ్రత్త: శాంపిల్ ఇవ్వబోయే ముందు కడుపు నిండా నీళ్లు తాగకండి. మూత్రం పలచబడి పరీక్షలో క్రిమి లెక్క తగ్గి కనపడుతుంది. ఈ నీళ్ల పరీక్ష ఒక పూట, శాంపిల్ ఇంకో పూట పెట్టుకోండి.

3. శాంపిల్ పట్టడం

ఎక్కువ రిపోర్టులు పాడయ్యేది ఇక్కడే. డబ్బా చేతిలో పెట్టి "పట్టుకురండి" అంటారే తప్ప ఎలా పట్టాలో ల్యాబ్‌లో చెప్పేవాళ్లు తక్కువ. చర్మం మీది క్రిములు డబ్బాలో పడితే, లేని ఇన్‌ఫెక్షన్‌కి మందులు వాడాల్సి వస్తుంది.

ఉదయం లేవగానే వచ్చే మూత్రం మంచిది. కుదరకపోతే కనీసం 3, 4 గంటలు మూత్రాశయంలో ఉన్నది. మంట వల్ల అంతసేపు ఆపుకోలేకపోతే ఎంత ఆగగలిగితే అంతే, బలవంతం వద్దు. ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి.

ఆడవాళ్లు:
- చేతులు సబ్బుతో కడుక్కోండి. డబ్బా మూత తీసి, మూత లోపలి వైపు పైకి ఉండేలా శుభ్రమైన చోట పెట్టండి. మూత లోపల, డబ్బా లోపల వేలు పెట్టొద్దు.
- ఒక చేతి రెండు వేళ్లతో యోని పెదవులను విడదీసి పట్టుకోండి. ముందు నుంచి వెనక్కి మంచినీళ్లతో కడిగి, టిష్యూతో అదే దిశలో ఒక్కసారి తుడవండి. డెట్టాల్, సెంటు సబ్బులు వద్దు. అవి డబ్బాలోకి చేరితే క్రిమి పెరగదు, రిపోర్టు తప్పుతుంది.
- వేళ్లు తీయకుండానే మొదటి ధారను బయటికి పోనివ్వండి. ధార ఆపకుండా, మధ్యలో డబ్బా పెట్టి 20 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టండి, అంటే చిన్న డబ్బాలో సగం. చివరి ధార మళ్లీ బయటికే.
- నెలసరిలో ఉంటే, పరీక్ష ఆగగలిగేదైతే అది అయ్యాక ఇవ్వండి. ఆగలేకపోతే కడిగాక యోని ద్వారం దగ్గర శుభ్రమైన దూది అడ్డుపెట్టి పట్టండి, ల్యాబ్‌లో చెప్పండి.

మగవాళ్లు ముందు చర్మాన్ని వెనక్కి లాగి, నీళ్లతో కడిగి, ఇలాగే మధ్య ధారను పట్టాలి.

పసిపిల్లలకు అంటించే ప్లాస్టిక్ సంచిలో పట్టిన మూత్రం కల్చర్‌కి నమ్మదగింది కాదు, చర్మం మీది క్రిములన్నీ అందులో చేరతాయి. పాపను కడిగి, పాలిచ్చి, ఒళ్లో పడుకోబెట్టుకుని, చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డతో బొడ్డు కింద మెల్లగా గుండ్రంగా రుద్దుతూ డబ్బా సిద్ధంగా పట్టుకోండి. చాలామంది పిల్లలు కాసేపట్లోనే పోసేస్తారు. రాకపోతే ఆస్పత్రిలో సన్నటి గొట్టంతో తీస్తారు, దానికి భయపడొద్దు.

గొట్టం వేసి ఉన్న రోగికి సంచిలో నిలిచిన మూత్రం పంపొద్దు. నర్సు గొట్టం మీది పోర్టు నుంచి సిరంజితో తీయాలి. గొట్టం పాతబడి ఉంటే ముందు దాన్ని మార్చి, కొత్త గొట్టం నుంచి తీయమని అడగండి.

పట్టాక మూత గట్టిగా బిగించి, పేరు, టైము రాసి 2 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో (డీప్ ఫ్రీజర్‌లో కాదు) 24 గంటల దాకా ఉంచొచ్చు. మండుటెండలో స్కూటర్ డిక్కీలో మూడు గంటలు తిరిగిన డబ్బాలో క్రిములు రెట్టింపు మీద రెట్టింపు అయి ఉంటాయి. ఆ రిపోర్టును ఎవరూ నమ్మలేరు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఇదంతా మొదటి యాంటీబయాటిక్ మాత్రకు ముందు జరగాలి. ఒక్క మాత్ర పడ్డాక ఇచ్చిన శాంపిల్‌లో క్రిమి పెరగకపోవచ్చు. "నో గ్రోత్" అని వస్తుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం లోపలే ఉంటుంది. మొదటిసారి వచ్చిన మామూలు మంటకు ఆరోగ్యంగా ఉన్న యువతికి డాక్టర్ కల్చర్ లేకుండానే మందు మొదలుపెట్టొచ్చు, అది సరైన పద్ధతే. మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు, గర్భిణులు, మగవాళ్లు, పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, ఇటీవలే ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లకు మాత్రం కల్చర్ తప్పనిసరి. శాంపిల్ ఇచ్చేశాక రిపోర్టు కోసం ఆగాల్సిన పని లేదు, డాక్టర్ చెబితే ఆ వెంటనే మందు మొదలుపెట్టొచ్చు.

4. రిపోర్టు చదవడం

రెండు రిపోర్టులుంటాయి. సీయూఈ (మూత్రం మామూలు పరీక్ష) అనేది అదే రోజు వచ్చేస్తుంది. కల్చర్‌కి మామూలుగా 48 నుంచి 72 గంటలు పడుతుంది.

సీయూఈలో ముందు ఎపిథీలియల్ సెల్స్ చూడండి. ఎక్కువగా ఉంటే శాంపిల్‌లో చర్మం కణాలు కలిశాయని అర్థం, మళ్లీ పట్టడమే మేలు. తర్వాత పస్ సెల్స్ (చీము కణాలు): 0 నుంచి 5 దాకా మామూలు, అంతకు మించితే వాపు ఉన్నట్టు. నైట్రైట్ పాజిటివ్ అయితే ఈ.కోలై లాంటి క్రిమి ఉండే అవకాశం బలంగా ఉంది. నెగెటివ్ అయినంత మాత్రాన లేనట్టు కాదు. కొన్ని క్రిములు నైట్రైట్ చేయవు, మూత్రం లోపల ఎక్కువసేపు నిలవకపోయినా రాదు.

కల్చర్‌లో చూడాల్సినవి మూడు. క్రిమి పేరు, దాని లెక్క, మందుల పట్టిక. మిల్లీలీటరుకు లక్ష సీఎఫ్‌యూ (పెరిగిన క్రిములను లెక్కించే కొలత), అంతకు పైన అంటే స్పష్టమైన ఇన్‌ఫెక్షన్. మంట బాగా ఉన్న ఆడవాళ్లలో వెయ్యి ఉన్నా లెక్కలోకి వస్తుంది, కాబట్టి అంకెను లక్షణాలతో కలిపి చూడాలి. మూడు నాలుగు రకాల క్రిములు కలిసి పెరిగాయని రాస్తే చాలాసార్లు అది శాంపిల్ పాడవడం, దానికి మందు వాడరు.

పట్టికలో ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు, ఐ అంటే మధ్యస్థం, డాక్టర్ నిర్ణయించాలి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఎస్ పక్కన ఉన్న ఎంఐసీ (క్రిమి పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు) అంకెల్లో అన్నిటికంటే చిన్నది చూసి "ఇదే బలమైన మందు" అనుకోవడం. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు, దేని కొలమానం దానిదే. రెండోది, ఎస్ ఉంది కదా అని నైట్రోఫ్యూరాంటాయిన్‌ను జ్వరం, డొక్క నొప్పి ఉన్నప్పుడు వాడడం. ఆ మందు మూత్రాశయంలో బాగా చేరుతుంది, కిడ్నీ కణజాలంలో చాలినంత చేరదు.

"ఈఎస్‌బీఎల్ పాజిటివ్" అని కనపడితే కంగారు పడొద్దు. సెఫిక్సిమ్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్ ఆ క్రిమి దగ్గర ఉందని దానర్థం. మూత్రాశయం వరకే ఉంటే నోటి మాత్రలకే లొంగే అవకాశం ఉంది, కిడ్నీకి ఎక్కితే ఇంజెక్షన్లు కావాల్సి రావచ్చు.

ఇంకోటి. పస్ సెల్స్ వారాల తరబడి ఎక్కువగానే ఉండి, కల్చర్‌లో ప్రతిసారీ ఏమీ పెరగకపోతే, యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి వాడొద్దు. రాయి ఉండొచ్చు, లైంగికంగా సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మన దేశంలో మూత్రవ్యవస్థ క్షయను కూడా మరవకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం తోడైతే డాక్టర్‌ని ఆ పరీక్ష గురించి అడగండి.

లక్షణాలేమీ లేకుండా హెల్త్ చెకప్‌లో క్రిమి కనపడితే? గర్భిణులకు, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లకు తప్ప సాధారణంగా మందు అక్కర్లేదు. పెద్దవయసులో, గొట్టం ఉన్నవాళ్లలో క్రిమి ఉండడం మామూలే. మూత్రం వాసన వచ్చిందనో మసకగా ఉందనో యాంటీబయాటిక్ వేస్తే, నిజంగా అవసరం పడ్డ రోజున పనిచేసే మందు మిగలదు.

5. మందు వాడడం

కింది వివరాలు మీకు మీరే కొనుక్కోవడానికి కాదు, చీటీలో రాసింది సరిగ్గా వాడడానికి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే వాడాల్సిన మందు.

నైట్రోఫ్యూరాంటాయిన్: మూత్రాశయం ఇన్‌ఫెక్షన్‌కి సాధారణంగా 100 మిల్లీగ్రాముల ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యే) రకం, రోజుకు 2 సార్లు, 5 రోజులు. ఎస్ఆర్ కాని మామూలు రకం రోజుకు 4 సార్లు వాడాల్సి వస్తుంది. షాపులో ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే డోసు లెక్క తప్పుతుంది, కవర్ మీద చూసుకోండి. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే వికారం. మూత్రం గోధుమరంగులోకి మారితే భయపడొద్దు, అది మందు రంగు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు, జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లకు, నెలలు నిండిన గర్భిణులకు ఇది ఇవ్వరు. దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే ఆపి డాక్టర్‌కి చెప్పండి.

ఫాస్ఫోమైసిన్: 3 గ్రాముల పొడి, ఒకే ఒక్క మోతాదు. అర గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి, వేడినీళ్లు వాడొద్దు. తిన్న 2, 3 గంటల తర్వాత, పడుకోబోయే ముందు మూత్రం పోసి వచ్చి తాగితే మందు రాత్రంతా లోపల నిలుస్తుంది. తాగి, వెంటనే రెండు లీటర్ల నీళ్లు పోసుకుంటే మందు కొట్టుకుపోతుంది. ఒకటి రెండు రోజులు విరేచనాలు పలచబడొచ్చు.

కోట్రైమాక్సజోల్: కల్చర్‌లో ఎస్ ఉంటేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి.

నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్: మంట అనగానే షాపుల్లో చేతికి వచ్చేవి ఇవే. మన దేశంలో ఈ.కోలై చాలాభాగం వీటికి లొంగడం మానేసింది, విచ్చలవిడిగా వాడడమే అందుకు కారణం. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే బంధాలు (టెండన్లు) తెగే ప్రమాదం కూడా ఉంది, ముఖ్యంగా 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో. కల్చర్‌లో ఎస్ ఉండి, వేరే దారి లేనప్పుడు డాక్టర్ రాస్తే వాడండి. పాలు, పెరుగు, గ్యాస్ సిరప్, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోవద్దు, మందు ఒంటికి పట్టదు.

మగవాళ్లకు కోర్సు ఎక్కువ రోజులు ఉంటుంది, సాధారణంగా 7 రోజులు. ప్రోస్టేట్‌లోకి దిగితే వారాలు పడుతుంది. అందుకని మీ ఇంట్లో ఆడవాళ్లకు రాసిన చీటీని మీరు వాడొద్దు.

కోర్సు మధ్యలో మానొద్దు. రెండో రోజుకే మంట పోవడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, పని అయిపోయిందనడానికి కాదు. అలాగని రాసిన రోజులు దాటి "ఇంకో రెండు రోజులు బలంగా ఉంటుంది" అని పొడిగించడం కూడా తప్పే. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతి డోసు టైము దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి వేసుకోవద్దు.

6. మంట తగ్గేలోపు

జ్వరం, నొప్పికి పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, కనీసం 6 గంటల ఎడంతో, రోజుకు 4 మించకుండా. ఇది పెద్దవాళ్లకే, లివర్ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు.

మంట తగ్గించే సిట్రేట్ సిరప్‌లు (మూత్రం పులుపును తగ్గించేవి) చాలా ఇళ్లలో ఉంటాయి. అవి ఉపశమనానికే. నైట్రోఫ్యూరాంటాయిన్ పులుపు మూత్రంలో బాగా పనిచేస్తుంది, ఈ సిరప్ దానికి అడ్డం పడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే మూత్రంలో స్ఫటికాలు ఏర్పడే ప్రమాదం ఉంది. చాలా సిరప్‌లలో సోడియం ఎక్కువ, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా తాగొద్దు. ఫెనజోపిరిడిన్ మాత్ర రాస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది, బట్టలకు అంటితే పోదు. అది 2 రోజులకు మించి వద్దు, ఎందుకంటే మంటను కప్పేస్తుంది, ఇన్‌ఫెక్షన్ తగ్గిందో లేదో తెలియనివ్వదు.

7. తగ్గిందో లేదో చూసుకోండి

మందు మొదలుపెట్టిన రోజు, టైము ఒక కాగితం మీద రాసుకోండి. పక్కన రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, మంట ఎంత, జ్వరం ఎంత అన్నది రెండు పూటలా రాయండి. 48 గంటలకు స్పష్టంగా తగ్గుదల కనపడాలి. 72 గంటలకూ అలాగే ఉంటే క్రిమి ఆ మందుకు లొంగడం లేదు, లేదా లోపల రాయో, అడ్డంకో ఉంది. కల్చర్ రిపోర్టు తీసుకుని తిరిగి వెళ్లండి, స్కాన్ అవసరం కావచ్చు. మధ్యలో జ్వరం వచ్చినా, డొక్క నొప్పి మొదలైనా 72 గంటల లెక్క పక్కన పెట్టి ఆరోజే వెళ్లాలి.

పూర్తిగా తగ్గితే మళ్లీ కల్చర్ చేయించక్కర్లేదు. గర్భిణులకు మాత్రం కోర్సు అయ్యాక 1, 2 వారాలకు ఒకసారి చేస్తారు. వాళ్లలో లక్షణాలు లేకుండా క్రిమి మిగిలినా కిడ్నీకి ఎక్కే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉన్నాయి. మూత్రంలో రక్తం కనపడి ఉంటే, ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఒకసారి సీయూఈ చేయించి రక్తం పోయిందో లేదో తప్పక చూడండి. పోకపోతే యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి, ముఖ్యంగా 40 దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు.

8. మళ్లీ మళ్లీ వస్తుంటే

6 నెలల్లో 2 సార్లు, లేదా ఏడాదిలో 3 సార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్ అంటారు. స్కాన్, షుగర్ పరీక్ష, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో చూడడం అవసరం. ఇంట్లో సరిదిద్దుకోగలిగినవి ఇవి:

- కడుక్కునే దిశ. మనం నీళ్లతో కడుక్కుంటాం, అది మంచిదే. చెయ్యి వెనక నుంచి ముందుకు వస్తే మాత్రం మలంలోని క్రిమి నేరుగా మూత్రద్వారానికి చేరుతుంది. మగ్గుతో నీళ్లు ముందు నుంచి పోసుకుని, చెయ్యి వెనక వైపు నుంచి పెట్టి వెనక్కే కడగాలి. హెల్త్ ఫాసెట్‌ను వెనక నుంచి గట్టిగా కొడితే మురికి ముందుకు చిమ్ముతుంది, ధార తగ్గించి ముందు వైపు నుంచి పట్టండి. ఆడపిల్లలకు చిన్నప్పుడే ఇది నేర్పండి.
- నీళ్లు. రోజుకు లీటరు, లీటరున్నర కూడా తాగనివాళ్లు ఇంకో లీటరున్నర కలిపితే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. బడిలో, ఆఫీసులో, బస్సు ప్రయాణంలో బాత్రూం సరిగ్గా లేదని నీళ్లు తాగడమే మానేసే ఆడవాళ్లు ఎంతోమంది. ఈ బాధ నిజం, వాళ్ల తప్పు కాదు. బయల్దేరే ముందు ఒకసారి వెళ్లి రావడం, 3, 4 గంటలకోసారి ఎక్కడో ఒక చోట ఆగేలా ప్రయాణం ముందే చూసుకోవడం చేయండి. పిల్లల బడిలో బాత్రూం ఎలా ఉందో అడిగి తెలుసుకోండి.
- మలబద్ధకం. పిల్లల్లో ముఖ్యంగా. గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని నొక్కి పూర్తిగా ఖాళీ కానివ్వదు. దాన్ని సరిచేయకుండా యాంటీబయాటిక్‌లు ఎన్ని వాడినా మళ్లీ వస్తుంది.
- కలయిక తర్వాత మూత్రం పోసి రావడం సులువు, హాని లేదు. స్పెర్మిసైడ్ (వీర్యకణాలను చంపే మందు) పూసిన గర్భనిరోధకాలు వాడుతుంటే వేరేవి అడగండి.
- లోపల కడగొద్దు. సువాసన వాష్‌లు, యాంటిసెప్టిక్‌లు అక్కడ ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి. బయట మామూలు నీళ్లు చాలు.
- నెలసరి ఆగిపోయినవాళ్లు. హార్మోన్ తగ్గి అక్కడి పొర పలచబడుతుంది, దానివల్లే పదేపదే వస్తుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది. ఈ వయసులో ఇదేమిటని సిగ్గుపడకుండా గైనకాలజిస్ట్‌ని అడగండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.
- క్రాన్‌బెర్రీ కొందరిలో తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది, వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను మాత్రం నయం చేయదు. చక్కెర కలిపిన జ్యూస్ కంటే మాత్ర రూపం నయం. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వద్దు.

ఇవన్నీ చేశాక కూడా వస్తుంటే మెథెనమైన్ హిప్పురేట్ అనే మందు, లేదా కొన్ని నెలలు రోజూ చిన్న డోసు యాంటీబయాటిక్ గురించి యూరాలజిస్ట్ ఆలోచిస్తారు. ఆ రోజు వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వచ్చిన కల్చర్ రిపోర్టులన్నీ తారీఖుల వరసలో పెట్టి, ఒక్కోదాని వెనక అప్పుడు వాడిన మందు పేరు, ఎన్ని రోజులు వాడారు, ఎన్నో రోజుకి మంట పోయింది అన్నది పెన్నుతో రాసి తీసుకెళ్లండి.